ఉప్పల్ దారిలో తెల్ల ఎలుక కన్ను

కోత పెట్టకుండా ధమనులూ సిరలూ కొమ్మలు చీలిన తీరుతో సహా కనిపించే చోటు కంటి వెనకనున్న రెటీనా. బతికున్న కంటిలో ఆ నాళాలు మొదట కనిపించింది జంతువులోనే. 1704లో ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త జాన్ మేరీ ఒక పిల్లిని నీళ్లలో ముంచినప్పుడు దాని కంటి అడుగు బయటపడింది. మనిషి కంటికి మాత్రం 1851 నాటి హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోపు దాకా ఆగాల్సి వచ్చింది. 1961లో అమెరికాలోని ఇండియానాలో నొవోట్నీ, ఆల్విస్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు ఫ్లోరెసిన్ రంగును రక్తంలోకి ఎక్కించి, నీలి కాంతిలో మెరిసే నాళాలను ఫొటో తీయవచ్చని చూపించారు. 

ఈ పరికరాల్లో ఏదీ హైదరాబాదులో పుట్టలేదు. నగరం తూర్పున, తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్‌కు పోయే దారిలో ఉన్నది ఎలుక. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధనగా మొదలుపెట్టిన సంస్థ 1958లో తార్నాకకు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. కూనూరులో 1920ల నుంచి పెంచిన విస్టార్ తెల్ల ఎలుకల సంతతి ఇక్కడ కొనసాగింది. మేలురకం పశువుల వంశాన్ని కాపాడినట్టు వాటి వంశాన్ని కలుషితం కానీయకుండా కాపాడారు.

మొదట్లో ఇక్కడ కంటి గొడవంతా తిండి గొడవే. రేచీకటితో మొదలై పిల్లల చూపును పూర్తిగా పోగొట్టే విటమిన్-ఎ లోపం మీద సంస్థ పనిచేసింది. దేశంలో పిల్లలకు ఆ విటమిన్ మోతాదులిచ్చే కార్యక్రమం 1970లో మొదలైంది. అదే దారిలో హబ్సిగూడ దగ్గర 1977లో మొదలై, 1987లో జాతికి అంకితమైన సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో డి. బాలసుబ్రమణియన్ బృందం కంటి కటకంలోని ప్రోటీన్లను, శుక్లాలను పరిశోధించింది. కటకం నుంచి రెటీనా దాకా రావడానికి మరికొన్నేళ్లు పట్టింది.

ఎలుక రెటీనాను చూడటం నేర్పుతో కూడిన పని. మత్తిచ్చి, చుక్కలతో కంటిపాపను పెద్దది చేసి, ఫ్లోరెసిన్‌ను సాధారణంగా పొట్టలోకి ఎక్కిస్తారు. నాళాలు బండి చక్రపు ఆకుల్లా కంటి నరం మొదలు నుంచి బయటికి పరుచుకుని కనిపిస్తాయి. తెల్ల ఎలుకకు కంటిలో నల్లరంగు లేదు గనక, రెటీనా వెనకున్న కోరాయిడ్ పొరలోని నాళాలు కూడా తొంగిచూసి బొమ్మను గజిబిజి చేస్తాయి. అందుకే చాలాచోట్ల ప్రాణం తీశాక చేసే పాత పద్ధతి నిలిచింది. 1960లో కువబారా, కోగన్ చెప్పిన ఈ పద్ధతిలో రెటీనాను ట్రిప్సిన్ అనే ఎంజైములో నానబెడితే మెత్తని కణజాలం కరిగిపోయి నాళాల వల ఒక్కటే మిగులుతుంది. మధుమేహంలో ఆ వలను కాపుకాసే పెరిసైట్ కణాలు ముందు చనిపోవడం ఇందులో కనిపిస్తుంది.

నాళాల చిత్రం చూడటం ఒక దారి, నాళాలను పెంచే రసాయనాన్ని కొలవడం మరో దారి. పోషకాహార సంస్థలో జి. భానుప్రకాశ్ రెడ్డి బృందం ఎంచుకున్నది రెండోది. స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో షుగరు తెప్పించిన ఎలుకల్లో పసుపు, దానిలోని కుర్కుమిన్ శుక్లాలను ఆలస్యం చేశాయని 2005లో ప్రచురించారు. 2007లో కుర్కుమిన్ అదే రకం ఎలుకల రెటీనాలో వీఈజీఎఫ్ పెరుగుదలను అణచిందని చూపారు. నాళాలు కారడానికీ కొత్త నాళాలు మొలవడానికీ కారణమయ్యే ప్రోటీను అది. పసుపు తింటే కళ్లు బాగుపడతాయని దీన్నిబట్టి చెప్పడం తొందరపాటు. అవి ఎలుకలు, మోతాదులు కొలిచినవి.

తెల్ల ఎలుకల సంతతి అసలు ఫలితం మరొకటి. అందులో తనంతట తానే పుట్టిన లావు ఎలుకల గురించి ఎన్.వి. గిరిధరన్ బృందం 1996లో ప్రకటించింది. అమెరికా పరిశోధకులతో కలిసి 2009లో ప్రచురించిన పత్రం ఆ ఎలుకలకు లావు వచ్చాక రెటీనా క్రమంగా క్షీణిస్తోందని చెప్పింది. ఈ రకం ఎలుకల రక్తంలో షుగరు మాత్రం మామూలుగానే ఉంటుంది.