డేగకన్ను: ఉత్తరాంధ్ర తీరంలో నౌకాదళ వైమానిక స్థావరం

ఉపోద్ఘాతం

వైమానిక స్థావరాలకు పక్షుల పేర్లు పెట్టడం భారత నౌకాదళంలో ఆనవాయితీ. గోవాలోనిది హంస, కొచ్చిలోనిది గరుడ, అరక్కోణంలోనిది రాజాళి. విశాఖపట్నంలోని స్థావరానికి తెలుగు మాట దక్కింది: ఐ.ఎన్.ఎస్. డేగ. తీరంపై నిఘా వేయడమే దాని ముఖ్యవిధి కనుక ఆ పేరు సార్థకం. అయితే ఈ తీరానికి అటువంటి చూపు ఎందుకు అవసరమైందో చెప్పే చరిత్ర 1942లో ఉంది.

1942: చూపు చాలని తీరం

1933లో ప్రారంభమైన ఓడరేవు వల్ల మద్రాసు, కలకత్తాల మధ్య విశాఖపట్నానికి ప్రాముఖ్యం పెరిగింది. యుద్ధకాలంలో ఇక్కడి గగనతల గస్తీని భారత వైమానిక స్వచ్ఛంద దళానికి చెందిన 6వ తీరరక్షణ విభాగానికి అప్పగించారు. పాత విమానాలతో నడిచిన ఆ చిన్న విభాగానికి అంత సముద్రాన్ని కనిపెట్టి ఉండడం శక్తికి మించిన పని. 1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. ఎందరో పట్టణవాసులు లోపలి ఊళ్ళకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సైతం గుంటూరుకు మారింది.

నేటి విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలు నాడు విశాఖపట్నం జిల్లాలోనివే. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో వేరు జిల్లాలయ్యాయి. కనుక ఆ దాడిని ఒక్క నగరపు చరిత్రగా కాక మొత్తం ఉత్తరాంధ్ర చరిత్రగా పరిగణించడం సమంజసం.

స్థావరం: విధులు, పరిమితులు

1968లో తూర్పు నౌకాదళ కమాండ్ విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడింది. 1991 అక్టోబరులో డేగ నౌకాదళంలో చేరింది. డోర్నియర్ విమానాలతో సముద్రంపై గస్తీ, హెలికాప్టర్లతో గాలింపు, రక్షణ చర్యలు దీని ప్రధాన విధులు. పౌరవిమానాలు కూడా ఈ రన్‌వే మీదనే దిగుతూ వచ్చాయి. నౌకాదళ శిక్షణ వేళలకు లోబడి అవి నడవవలసి వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు ఈ ఉమ్మడి ఏర్పాటు బలహీనత బయటపడింది. కొన్ని రోజులు పౌరవిమానాలు నిలిచిపోయాయి. విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త విమానాశ్రయాన్ని తలపెట్టడానికి ఈ ఇరుకు ఒక కారణం. దాని కోసం అక్కడి రైతులు భూములు వదులుకున్నారు.

ముగింపు

స్థావరం కథ సైనికపత్రాలలో భద్రంగా ఉంటుంది. బాంబుల భయంతో వచ్చిన బంధువులకు చోటిచ్చిన ఊళ్ళ కథ అటువంటి పత్రాలలో దొరకదు. అది ఇళ్ళలో చెప్పుకొన్న తెలుగులోనే మిగిలి ఉంటుంది. ఆనాటి పిల్లలు నేడు తొంభైకి చేరువైనవారు, దాటినవారు. కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి వారి మాటలను, వారి మాండలికంలోనే, ఇప్పుడే నమోదు చేయాలి. ఆ పని ఆలస్యమైతే ఆకాశం నుంచి చూసిన చరిత్ర మనకు మిగులుతుంది, నేల మీద నిలబడి ఆకాశాన్ని చూసినవారి చరిత్ర మిగలదు.