పాప ఇల్లెక్కడ?

"అడ్రస్ ప్రూఫ్ ఏదమ్మా?"

పోయిన జూన్‌లో కుప్పంలోని ఒక బడి ఆఫీసు గదిలో ఎదురైన ప్రశ్న ఇది. నేను పుట్టింది పుంగనూరులో, మెట్టింది మదనపల్లెలో, ఉద్యోగం దొరికింది కుప్పంలో. మా పాప రెండో తరగతి దాకా మదనపల్లెలో చదివింది. మూడో తరగతిలో చేర్చడానికి రికార్డు షీటు, ఆధార్ కార్డు పట్టుకుని వెళ్ళాను. ఆధార్‌లో మదనపల్లె ఇంటి నంబరుంది. రేషన్ కార్డు అత్తగారి పేరు మీద అక్కడే ఉంది. కుప్పంలో మేముంటున్నది అద్దె గది, అద్దె కాగితం లేదు.

"పాప వాళ్ళ నాన్నగారి ప్రూఫ్ ఏదైనా తీసుకురండి."

"ఆయన ఇక్కడ ఉండరండి. మదనపల్లెలో ఉంటారు."

"మరింకేం, పాప అడ్రసు మదనపల్లే కదా!"

అప్పుడు పాప నా పక్కనే నిలబడి ఉంది. నా కొంగు పట్టుకుని కుప్పంలో నిలబడి ఉన్న పిల్ల ఇల్లు పలమనేరు మీదుగా గంటల తరబడి బస్సులో పోతేగానీ రాని మదనపల్లెలో ఉందని ఆ గదిలో అందరూ ఒప్పుకున్నారు. నేను ఆ ఇల్లు వదిలి వచ్చాను. కోర్టుకు వెళ్ళలేదు, విడాకులు తీసుకోలేదు. వదిలి వచ్చినందుకు ఎవరూ కాగితం ఇవ్వరు.

ఆ గుమాస్తా చెడ్డవాడని నేననుకోను. బిడ్డ ఎక్కడ ఉందని కాదు, ఎవరి బిడ్డ అని అడగడం అతను కనిపెట్టిన పద్ధతి కాదు. ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామని పాత సంగతులు వెతుక్కుంటూ పోతే, అవి నన్ను తిరిగి మదనపల్లెకే తీసుకొచ్చాయి.

1895లో మదనపల్లెలో నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదో బిడ్డగా జిడ్డు కృష్ణమూర్తి పుట్టాడు. తండ్రిది రెవిన్యూ శాఖలో ఉద్యోగం. బదిలీ అయినప్పుడల్లా కుటుంబం ఊరు మారింది. తండ్రి ఉద్యోగం ఎక్కడైతే పిల్లల ఇల్లు అక్కడే. అప్పుడు ఎవరికీ ఏ సందేహమూ రాలేదు. 1905లో సంజీవమ్మ చనిపోయింది. ఉద్యోగ విరమణ తర్వాత, 1909లో నారాయణయ్య కొడుకుల్ని తీసుకుని మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం దగ్గరికి చేరాడు. 1910లో కృష్ణమూర్తి, నిత్యానందల సంరక్షణను అనీబిసెంట్‌కు అప్పగిస్తూ సంతకం పెట్టాడు. 1912లో ఆమె పిల్లలిద్దరినీ చదువు కోసం ఇంగ్లండు తీసుకెళ్ళింది. అదే ఏడాది తండ్రి తన పిల్లల్ని తనకిప్పించమని చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశాడు. దావా మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది. అక్కడ అనీబిసెంట్ వకీలు లేకుండా తన కేసు తానే వాదించుకుంది. 1913లో తీర్పు తండ్రికి అనుకూలంగా వచ్చింది, అప్పీలులోనూ నిలబడింది. 1914లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాన్ని తిరగగొట్టింది.

ఏ కారణం మీదనో చూడండి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం మైనరు బిడ్డ సాధారణంగా నివసించే చోటి జిల్లా కోర్టుకే అధికారం. ఇంగ్లండులో చదువుకుంటున్న పిల్లలు చెంగల్పట్టు జిల్లాలో నివసిస్తున్నట్టు కాదు కాబట్టి ఆ దావా అక్కడ చెల్లదన్నారు. తండ్రి చిరునామా బిడ్డ చిరునామా కాదని అంత పెద్ద న్యాయస్థానం చెప్పిందన్నమాట!

సంబరపడే లోపల మిగతా తీర్పు కూడా చదవాలి. తండ్రే సహజ సంరక్షకుడనీ, ఈ విషయంలో ఇంగ్లీషు చట్టానికీ హిందూ చట్టానికీ తేడా లేదనీ అందులోనే ఉంది. వెయ్యి విషయాల్లో మనల్ని వేరుగా చూసిన సామ్రాజ్యం పితృస్వామ్యం దగ్గరికొచ్చేసరికి మనతో ఏకీభవించింది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఓడ టిక్కెట్లు కొనగలిగి, లండన్ దాకా అప్పీలుకు పోగలిగిన ఒక తెల్ల స్త్రీ పక్షాన వచ్చిన తీర్పు అది. సంజీవమ్మే బతికి ఉండి, పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయి ఉంటే? ఆమె ఉన్న చోటు పిల్లల నివాసమని ఏ కోర్టయినా అని ఉండేదా?

ఆ తర్వాత చట్టం తల్లి వైపు జరిగింది గానీ, అంగుళం అంగుళంగా జరిగింది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం తండ్రి సహజ సంరక్షకుడు, అతని 'తర్వాత' తల్లి అంది. అయిదేళ్ళ లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలంది. అంటే పాలు తాగే, పక్క తడిపే వయసు వరకు తల్లి, బడికి పోయే వయసొచ్చాక తండ్రి. 1984లో రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తల్లి సంతకం చెల్లదన్నారు. ఆమె సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1999లో కోర్టు ఆ 'తర్వాత' అనే మాటకు తండ్రి చనిపోయాక అని మాత్రమే అర్థం కాదనీ, అతను బిడ్డ బాగోగులు పట్టించుకోనప్పుడు కూడా అనీ చెప్పింది. ఒక్క క్రియా విశేషణాన్ని సరిగా చదవడానికి మన దేశానికి 43 ఏళ్ళు పట్టింది. సాహిత్యం చదువుకున్న మనకు ఇది బాగా అర్థమవుతుంది.

2005 గృహహింస చట్టం భర్త ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. బయటికొచ్చిన ఆడదానికి కొత్త గుమ్మం మీద కొత్త నంబరు మాత్రం దానంతటది రాలేదు. 2013 ఆహార భద్రతా చట్టం ఇంట్లో పెద్ద వయసు స్త్రీ రేషన్ కార్డుకు యజమాని అంది. మంచిదే, కానీ మా ఇంట్లో ఆ స్త్రీ మా అత్తగారు! 2023 నుంచి ఆధార్‌లో తల్లి చిరునామాను బిడ్డకు మార్చుకునే వీలొచ్చింది. ముందు తల్లి ఆధార్ మారాలి. దానికి అద్దె కాగితం లాంటిది కావాలి. 2009 విద్యాహక్కు చట్టం టి.సి. ఆలస్యమైనా, వయసు ధృవపత్రం లేకపోయినా చేర్చుకోనని అనరాదంది. చిరునామా గురించి అంత సూటి వాక్యం అందులో కనబడదు.

'ఎక్కడివాళ్ళు' అనే ప్రశ్న మన రాష్ట్ర చరిత్రలోనే పెద్ద ప్రశ్న. నిజాం కాలపు ముల్కీ నిబంధనల్లో ముల్కీ కావడానికి పుట్టుక ఒక దారి, 15 ఏళ్ళ నివాసం ఒక దారి. స్త్రీకి వేరుగా ఇంకో దారి కూడా ఉంది, ముల్కీకి భార్య కావడం. ఆ తర్వాత 371-డి అధికరణం కింద 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. స్థానికత అంటే అర్హత పరీక్షతో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదవడం. చిత్తూరు జిల్లా శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలో ఉండేది. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు కలిసే కుప్పంలో ఈ లెక్క ఎంత కఠినమో ఊహించండి. తల్లిదండ్రులు పని కోసం బెంగళూరు పోతే, మధ్యలో ఒక్క ఏడాది పిల్ల అక్కడ చదివితే వరస తెగిపోతుంది.

అయినా ఈ ఉత్తర్వును చదువుతూ ఒక చోట ఆగిపోయాను. అక్కడ మొదట అడిగింది తండ్రి ఎవరని కాదు, అతని ఇల్లు ఎక్కడని కాదు. బిడ్డ ఎక్కడ చదివింది అని. పిల్ల తన కాళ్ళతో నడిచి వెళ్ళి కూర్చున్న బెంచీయే ఆమె ఊరు. ఒక ఆడపిల్లకు నాన్న ద్వారా, మొగుడి ద్వారా కాకుండా తనంతట తాను సంపాదించుకోగల మొదటి చిరునామా బడి హాజరుపట్టీయే. అలాంటి బడి, ముందు చిరునామా తెస్తేనే చేర్చుకుంటానంటే ఎలా? చిరునామా ఇవ్వాల్సిన చోటే చిరునామా అడుగుతోంది.

అన్నట్టు, కృష్ణమూర్తి పుట్టినప్పుడు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. 2022లో అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి. ఊళ్ళు కదలకుండానే చిరునామాలు మార్చుకున్నాయి. రుజువు తెమ్మని వాటినెవరూ అడగలేదు.

అద్దె కాగితం రాసివ్వమని మా ఇంటి అవ్వను అడిగాను. ఆమె ఇబ్బందిగా నవ్వింది. "నా పేరు మీద ఏముందిమ్మా రాసీడానికి?" ఇల్లు పదేళ్ళ కిందట పోయిన మొగుడి పేరు మీదే ఉంది. కరెంటు బిల్లూ ఆయన పేరుతోనే వస్తుంది. నలభై ఏళ్ళుగా ఆ ఇల్లు అలికి, ముగ్గేసి, పన్ను కడుతున్న మనిషి తన ఇంట్లో తానున్నట్టు చూపించలేకపోయింది. మరుసటి రోజు ఆ బిల్లు పట్టుకుని మాతోపాటు బడికొచ్చింది. "ఈ బిడ్డ మా ఇంట్లోనే కదప్పా పండుకుంటాండేది. ఇంగేం రుజువు గావల్ల?" అని గుమాస్తానే ఎదురడిగింది. లోపల్నుంచి ప్రధానోపాధ్యాయురాలు విని, కాసేపు ఆలోచించి, రికార్డు షీటు మీద పాపను చేర్చుకున్నారు. రిజిస్టరులో మాత్రం మదనపల్లె చిరునామానే ఎక్కింది. "తర్వాత మార్పించుకోండి" అన్నారు.

ఆ ఆదివారం పుంగనూరు వెళ్ళి అమ్మ పెట్టె తీశాను. అడుగున అమ్మ అయిదో తరగతి రికార్డు షీటుంది. తండ్రి లేక సంరక్షకుని పేరు అన్న చోట తాతయ్య పేరుంది, అమ్మమ్మకు గడే లేదు. కానీ పైన అమ్మ పేరు, ఊరు, బడి, చేరిన తేదీ, మానిన తేదీ ఉన్నాయి. ఆ తర్వాతి కాగితాలన్నిటిలో అమ్మ ఎవరో ఒకరి భార్య. ఆ ఒక్క కాగితంలోనే ఆమె తనుగా ఒక చోట ఉంది, అది కూడా అయిదేళ్ళే.

మా పాప ఇప్పుడు రోజూ కుప్పంలో హాజరు పలుకుతోంది. రిజిస్టరు ప్రకారం మదనపల్లె నుంచి వస్తోంది. నేను ఆ గడి మార్పించే పనిలో ఉన్నాను. అవ్వేమో ఇంటిపన్ను తన పేరుకు మార్పించుకోవడానికి ఏమేం కావాలో కనుక్కోమని నన్నే పంపుతోంది. ఇద్దరి కాగితాలూ ఒకే సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను.