‘లీ’, ‘గా’ ప్రత్యయాలు: ఆంగ్ల, తెలుగు విశేషణాల చారిత్రక పరిశీలన

కీలకపదాలు: విశేషణం, క్రియావిశేషణం, భావనామం, ప్రత్యయం, వ్యాకరణ చరిత్ర

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం శివారులోని గోపాలపట్నంలో ‘బిజీగా ఉన్నాను’, ‘హ్యాపీగా ఉన్నారు’ అనేవి నిత్యవ్యవహారంలోని మాటలు. ‘హ్యాపిలీగా’ అని ఎవరూ అనరు. అయితే ఇంగ్లీషులో రాసేటప్పుడు ‘హి ఈజ్ హ్యాపీ’ అనవలసిన చోట ‘హి ఈజ్ హ్యాపిలీ’ అని రాసే విద్యార్థులు ఉంటారు. తెలుగులో దొర్లని పొరపాటు ఇంగ్లీషులో ఎందుకు దొర్లుతోంది? దీనికి సమాధానం ఈ రెండు ప్రత్యయాల చరిత్రలో ఉంది.

2. ఆంగ్ల ప్రత్యయాలు

ప్రాచీనాంగ్లంలో ‘లీచ్’ అంటే దేహం, ఆకారం. అదే ప్రత్యయంగా మారి విశేషణాలను, ‘లీచె’ రూపంలో క్రియావిశేషణాలను ఏర్పరిచింది. కాలక్రమంలో చివరి ధ్వనులు అరిగిపోగా రెండూ ‘లీ’గా మిగిలాయి. నామం నుంచి పుట్టిన ‘ఫ్రెండ్లీ’ విశేషణం కావడానికి, విశేషణం నుంచి పుట్టిన ‘హ్యాపిలీ’ క్రియావిశేషణం కావడానికి కారణం ఇదే. భావనామాలకు సైతం ఒకే దిశ లేదు. ‘హ్యాపీ’ నుంచి ‘హ్యాపీనెస్’ ఏర్పడితే, ‘బ్యూటీ’ అనే నామం నుంచే ‘బ్యూటిఫుల్’ ఏర్పడింది.

3. తెలుగు నిర్మాణం

తెలుగులో మంచి, కొత్త, పెద్ద వంటి సహజ విశేషణాలు స్వల్పం. వీటి నుంచి మంచితనం, కొత్తదనం, పెద్దరికం ఏర్పడతాయి. మిగిలిన చోట్ల తరచుగా నామమే మూలం: అందం, అందమైన, అందంగా. ‘అయిన’, ‘గా’ రెండూ ‘అగు’ ధాతువు రూపాలే. అందుకే ‘గా’ క్రియను విశేషించడంతో ఆగదు; ‘సంతోషంగా ఉన్నాడు’ అన్నప్పుడు కర్త స్థితిని తెలుపుతుంది. అక్కడ ఆంగ్లం కోరేది విశేషణాన్నే. అరువు వచ్చిన ‘బిజీ’ కూడా ‘మంచి’ బాటలోనే నడుస్తుంది: బిజీ రోడ్డు, బిజీగా.

4. వ్యాకరణాల దృష్టి

క్యాంప్‌బెల్ (1816), బ్రౌన్ (1840), ఆర్డెన్ (1873) తెలుగును ఆంగ్ల పాఠకులకు బోధించడానికి వ్యాకరణాలు రచించారు. నామానికి ‘గా’ చేరిస్తే క్రియావిశేషణమనే సూత్రం పరభాషీయులైన అభ్యాసకులకు ఉపకరించింది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) దారి వేరు. అందులోని పది పరిచ్ఛేదాలలో విశేషణానికి గాని, క్రియావిశేషణానికి గాని ప్రత్యేక పరిచ్ఛేదం లేదు. తద్ధిత, క్రియా, కృదంత పరిచ్ఛేదాలు ఉన్నాయి. అంటే పదాల వర్గాల కంటే పదాలు నిష్పన్నమయ్యే తీరుకే అక్కడ ప్రాధాన్యం.

5. ఉపసంహారం

ఇంగ్లీషువారికి తెలుగు నేర్పడానికి పనికొచ్చిన సమీకరణాన్ని తలకిందులు చేసి, తెలుగువారికి ఇంగ్లీషు నేర్పడానికి వాడడంలోనే చిక్కు ఉంది. ‘గా’ అంటే ‘లీ’ అని వల్లె వేయించే బదులు, ఆ పదం క్రియను విశేషిస్తోందా, కర్త స్థితిని తెలుపుతోందా అని విద్యార్థిచేత ప్రశ్నింపజేయాలి. ‘సంతోషంగా పాడాడు’, ‘సంతోషంగా ఉన్నాడు’ అనే రెండు వాక్యాలను పక్కపక్కన నిలిపితే ఆ భేదం మాతృభాషలోనే బోధపడుతుంది.