బొగ్గు దుమ్ములో డెల్కో

మా నస్పూర్‌లో సొంత కార్లు రాకముందు కంపెనీ జీపులు, సిమెంటు లారీలు చెడిపోయేవి. ఒకవైపు సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా బాయిలు, ఇంకోవైపు మంచిర్యాల సిమెంటు ఫ్యాక్టరీ, మధ్యలో కోల్ కెమికల్ కాంప్లెక్స్ పేరు మీద సీసీసీగా నిలిచిపోయిన కాలనీ. అన్నింటికీ బండ్లు కావాలి, ఆ బండ్లకు మేస్త్రీలు కావాలి. ఇంజన్ విప్పే మేస్త్రి వేరు, వైరింగ్ చూసే మేస్త్రి వేరు. నేను రెండో రకం. బ్యాటరీ, డైనమో, సెల్ఫ్, ఇగ్నిషన్, కరెంట్ పారే ప్రతిదీ మా పని. గనుల చరిత్ర చాలామంది రాశారు, సమ్మెల చరిత్రా రాశారు. బాయి మీదికి పోయే అంబాసిడర్ వానాకాలం పొద్దున ఎందుకు మొండికేసేదో, దాన్ని ఎవరు ఎట్లా కదిలించేవారో కూడా ఈ ఊరి చరిత్రే అని నా నమ్మకం.

నేను పనిలో చేరింది 1980ల మధ్యలో. బాపు ఆర్కే-6 బాయిలో కోల్ ఫిల్లర్. ఆయన ఉద్యోగం అన్నకు పోవాలని ఇంట్లో ముందే తేలింది, నన్ను మంచిర్యాలలో ఒక ఉస్తాద్ దగ్గర పెట్టారు. ఉస్తాద్‌కు చదువు రాదు. వైరు రంగు, దాని వేడి, తెగిన చోట నల్లబడిన తీరు చూసి ఆ వైరు చరిత్ర చెప్పేవాడు. ఆయన దగ్గర ఒక్కటే పాఠం. "ఇంజన్ ముచ్చట తర్వాత. ముందుగాల కరెంట్ వస్తుందా సూడు, ఎర్త్‌కు పోతుందా సూడు, తెగాల్సిన కాడ తెగుతుందా సూడు." ఈ మూడు ప్రశ్నల చుట్టే నా పని ఇప్పటిదాకా తిరుగుతోంది.

మూడో ప్రశ్నలో అసలు కీలకం ఉంది. అమెరికాలో డేటన్ ఊళ్లో చార్లెస్ కెటరింగ్ పెట్టిన డెల్కో కంపెనీ బ్యాటరీ ఇగ్నిషన్ తయారుచేస్తే, 1910 మోడల్ కాడిలాక్‌లకు అది ఎక్కింది. బ్యాటరీ కరెంట్ కాయిల్‌లో పారుతుంటే దాని చుట్టూ అయస్కాంత బలం పేరుకుంటుంది. పాయింట్లు (చిన్న స్విచ్చు లాంటివి) విచ్చుకుని ఆ కరెంట్ ఠక్కున తెగితే, కాయిల్ రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. అది డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే రోటర్ మీదుగా దాని క్యాపులోకి, అక్కడినుంచి ప్లగ్గుకు పోతుంది. అంటే నిప్పు పుట్టేది కరెంట్ వచ్చినప్పుడు కాదు, తెగినప్పుడు. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3000 తిరుగుతుంటే పాయింట్లు 6000 సార్లు విచ్చుకోవాలి. కండెన్సర్ పాడైతే కరెంట్ శుభ్రంగా తెగదు, పాయింట్ల మధ్యే రవ్వలు లేచి వాటి మొహాలు కాలిపోతాయి. ఉస్తాద్ పాయింటు విప్పగానే ముందు ఆ మొహాలే చూసేవాడు.

అప్పటి మా బతుకంతా అంబాసిడర్ మీదే. ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ 1950ల చివర మొదలుపెట్టి 2014 మే దాకా చేసిన బండి. కాయిల్, డెల్కో (డిస్ట్రిబ్యూటర్‌ను మేం ఆ కంపెనీ పేరుతోనే పిలిచేవాళ్లం) సామాను మద్రాసు పాడిలోని లూకాస్ టీవీఎస్‌ది, ప్లగ్గులు బెంగుళూరు మైకోవి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. పాయింట్ గ్యాప్ 15 థౌ, ప్లగ్ గ్యాప్ 25 థౌ; థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఫీలర్ గేజీ రేకు పాయింట్ల మధ్య దూర్చి లాగితే చేతికి ఎంత పట్టు తెలియాలో ఉస్తాద్ నా వేళ్లు పట్టుకుని నేర్పాడు. డెల్కో కింది బోల్టు వదులు చేసి, ఇంజన్ నడుస్తుండగా వెంట్రుకవాసి అటూఇటూ తిప్పి, చప్పుడు వింటూ టైమింగ్ కట్టేవాళ్లం. టైమింగ్ లైటు మంచిర్యాలలో ఎవరి దగ్గరా నేను చూడలేదు.

బొగ్గు ఊరికి మాత్రమే వచ్చే జబ్బు ఒకటుంది. సీహెచ్‌పీ (కోల్ హ్యాండ్లింగ్ ప్లాంటు) దగ్గర, బొగ్గు లారీలు పోయే రోడ్ల మీద నడిచే బండి బానెట్ కింద సన్నటి నల్లదుమ్ము పేరుకుంటుంది. ఎండాకాలం దానితో పెద్ద పేచీ లేదు. మృగశిర దాటి మొదటి వాన పడిందా, పొద్దున్నే గ్యారేజీ ముందు బండ్లు వరసకట్టేవి. సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు. అందుకున్నా రెండు సిలిండర్ల మీద మిస్సింగ్ కొడుతుంది. బొగ్గంటే కార్బనే. తడిసిన ఆ దుమ్ము పొర మీదుగా వేల వోల్టుల కరెంట్ ప్లగ్గుదాకా పోకుండా క్యాపు మీదే పక్క దారి పట్టి ఎర్త్‌లో దిగిపోతుంది. రెండుమూడు రోజులు అట్లాగే నడిపితే ఆ దారిలో క్యాపు సన్నగా కాలి నల్లటి గీత పడుతుంది. ఆ గీత తానే కార్బన్ కాబట్టి ఇక తుడిచినా ఆరబెట్టినా పోదు, కరెంట్‌కు అది శాశ్వత బాట. గీత పడకముందు వస్తే పెట్రోల్ గుడ్డతో తుడిచి ఎండబెడితే చాలు, పడ్డాక క్యాపు మార్చాల్సిందే. అనుమానం ఉంటే ఉస్తాద్ రాత్రిదాకా బండి ఆపుకొనేవాడు. చీకట్లో బానెట్ లేపి ఇంజన్ నడిపితే క్యాపు మీద, ప్లగ్ వైర్ల మీద నీలిరంగు మెరుపులు పాకడం కంటికి కనబడుతుంది. ఏ కంపెనీ మాన్యువల్‌లోనూ బొగ్గు దుమ్ము మాట ఉండదు. దాన్ని కనిపెట్టి, మందు కూడా కనిపెట్టింది బాయిల చుట్టూ బతికిన మేస్త్రీలే.

ఎండాకాలం జబ్బు వేరు. మే నెలలో మా దగ్గర 45 డిగ్రీలు మామూలు. లక్సెట్టిపేటకు పోతూనో చెన్నూరుకు పోతూనో నడిమధ్యలో బండి ఆగిపోతుంది, అరగంట నీడలో పెడితే తనంతట తానే స్టార్ట్ అవుతుంది. కారణాలు రెండు. పెట్రోల్ పంపులో ఆవిరి పట్టి పెట్రోల్ అందకపోవడం ఒకటి, వేడికి కాయిల్ లోపల తీగ విడిపోవడం ఇంకొకటి. తేడా తెలుసుకోవడానికి కాయిల్ నుంచి క్యాపుకు పోయే పెద్ద వైరు పీకి, ఇంజన్ లోహానికి కొంచెం దూరంలో పట్టి సెల్ఫ్ కొట్టించాలి. నీలం నిప్పు దుమికితే తప్పు పెట్రోల్‌ది, పసుపుగా నీరసంగా ఉన్నా అసలే లేకున్నా కాయిల్‌ది. ఆ తేడాను బట్టి తడిగుడ్డ పంపు మీదనో కాయిల్ మీదనో వేయాలి. డ్రైవర్లు రెండింటి మీదా వేసి బండి నడిచిందని సంతోషపడేవాళ్లు, మళ్లీ ఇందారం దాటగానే ఆగేది.

1983 డిసెంబర్‌లో గుర్‌గావ్‌లో మొదటి మారుతీ 800 బయటికి వచ్చినా, కార్మికుల ఇళ్ల ముందు మారుతీలు నిలబడటానికి చాలా ఏళ్లు పట్టింది. సింగరేణి నష్టాల్లోంచి బయటపడి, 1990ల చివర్లో కార్మికులకు లాభాల్లో వాటా పంచడం మొదలుపెట్టాక లెక్క మారింది. దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్. ఆ రెండు పండుగల మధ్య హైదరాబాద్ నుంచి సెకండ్‌హ్యాండ్ కార్లు మా కాలనీలకు దిగేవి. ఏపీ-09 నంబర్ల మీద వచ్చి ఏపీ-01కు మారేవి. పట్నంలో ఎవరెవరు ఏమేం విప్పారో తెలియని బండ్లవి. డెల్కోలో ఒక కంపెనీ రోటర్ మీద ఇంకో కంపెనీ క్యాపు. మా చేతికి పని కొదవ లేదు. టాక్సీవాళ్లు మాత్రం మెల్లగా చేజారారు. 1998 చివర్లో టాటా ఇండికా వచ్చింది, డీజిల్ ఇంజన్‌కు ప్లగ్గు నిప్పుతో పనిలేదు.

అసలు మార్పు కొత్త చట్టాల నుంచి వచ్చింది. 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి అయింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోల్. సీసం ఉంటే కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ రెండూ చచ్చిపోతాయి కాబట్టి ముందు పెట్రోల్ మారక తప్పలేదు. బాష్ కంపెనీ ఆక్సిజన్ సెన్సర్ 1976లో వోల్వో కార్లకు ఎక్కితే, మా బానెట్ల కిందికి రావడానికి పాతికేళ్లు పట్టింది. 2005లో భారత్ స్టేజ్-2 పొగ నిబంధనలు దేశమంతా వచ్చేసరికి కొత్త కార్లలో కార్బురేటర్ కథ ముగిసింది. ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే ఆ కొత్తవాటిని అందరూ ఎంపీఎఫ్ఐ బండ్లు అనేవాళ్లు. పాయింట్లు పోయాయి. ఇంజన్ తిరుగుడు చూసే క్రాంక్ సెన్సర్ చెప్పిన లెక్క ప్రకారం కంప్యూటర్ ట్రాన్సిస్టర్‌తో కరెంట్ తెంపుతుంది.

ఆ నాలుగైదేళ్లలో మా వీధుల్లో ఎంత సొమ్ము తగలబడిందో చెప్పాలి. పాత అలవాటు కొద్దీ ప్లగ్ వైరు పీకి నిప్పు చూసేవాళ్లు. కరెంట్‌కు పోయే దారి లేక ఇగ్నిషన్ మాడ్యూల్ కాలేది, ఒక్కోసారి కంప్యూటరే పోయేది. బల్బు టెస్టర్ ఇంకో శత్రువు. హెడ్‌లైట్ వైరుకు ఆ బల్బు లాగే కరెంట్ లెక్కలోది కాదు, 5 వోల్టుల సెన్సర్ వైరుకు అది మోయలేని భారం. చేతి పనిలో ఎవరికీ తీసిపోని మేస్త్రీలు ఈ దశలో బెదిరిపోయి ఆటోలకు, ట్రాక్టర్లకు మళ్లారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. చెప్పేవాళ్లు లేక, చదువుకోవడానికి తెలుగులో ఒక్క కాగితం లేక. ఈ విషయం తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

నేను పొద్దున భాగ్యనగర్ రైలెక్కి సికింద్రాబాద్ దిగి, రాణిగంజ్‌లో సామాన్లు కొంటూ, అక్కడి దుకాణాల ముందు పనిచేసే పిల్లల దగ్గర కొంత, డిజిటల్ మీటర్ దగ్గర కొంత నేర్చుకున్నాను. ఆ కాలపు మారుతీ ఎంపీఎఫ్ఐ బండ్లలో స్కానర్ లేకుండానే తప్పు చదవొచ్చని తెలిసింది రాణిగంజ్‌లోనే. డయాగ్నోసిస్ కనెక్టర్‌లో సరైన రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపి కీ ఆన్ చేస్తే, మీటర్‌లో చెక్ ఇంజన్ లైటు మినుకుతుంది. ఒక మినుకు, కొంచెం ఆగి రెండు మినుకులు పడితే 12, కంప్యూటర్‌కు తప్పేమీ కనబడలేదని. 13 ఆక్సిజన్ సెన్సర్. 14, 15 కూలెంట్ సెన్సర్. నోట్‌బుక్‌లో రాసుకున్న ఆ అంకెలు నస్పూర్, శ్రీరాంపూర్‌లలో ఎంతోమంది మేస్త్రీలు చూసి రాసుకుపోయారు.

12 వస్తే పని అయిపోయినట్టు కాదు. ఒక రిటైర్డ్ ఓవర్‌మ్యాన్ పాత మారుతీ జెన్ తెచ్చాడు. "తమ్మీ, బండి నడుస్తలేదే, తాగుతుంది" అన్నాడు. నల్లపొగ. ప్లగ్గులు, పెట్రోల్ పంపు వేరేచోట అప్పటికే మార్చారు. కోడ్ చూస్తే 12. వేడెక్కిన ఇంజన్ మీద కూలెంట్ సెన్సర్ పిన్నుల మధ్య మీటర్ పెడితే 2000 ఓంలు దాటి చూపింది. నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఉండాల్సిన లెక్క అది. 80 డిగ్రీల్లో 300 చిల్లర ఉండాలి. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ పోస్తూనే ఉంది. వైరు తెగితే కంప్యూటర్‌కు తెలుస్తుంది. సెన్సర్ హద్దులోనే ఉంటూ అబద్ధం చెబితే తెలియదు. ఉస్తాద్ ప్రశ్నలు ఇక్కడికీ వచ్చాయి. 5 వోల్టులు వస్తున్నాయా, ఎర్త్ ఉందా, వేడికి తగ్గట్టు సిగ్నల్ మారుతోందా?

ఎండాకాలం జబ్బు కూడా కొత్త వేషంలో తిరిగొచ్చింది. రాజీవ్ రహదారి మీద గోదావరి బ్రిడ్జి దాటాక ఆగిపోతుంది, చల్లబడితే స్టార్ట్ అవుతుంది. గ్యారేజీకి తోసుకొచ్చేసరికి క్రాంక్ సెన్సర్ చల్లారి మీటర్‌లో బాగానే చూపిస్తుంది. అయస్కాంతం, దాని చుట్టూ సన్న తీగ, అంతే ఆ సెన్సర్. తీగలో కంటికి కనబడని చీలిక వేడికి విచ్చుకుని, చల్లదనానికి అతుక్కుంటుంది. పాత కాయిల్ చేసినదే ఇదీ చేస్తుంది. కాబట్టి ఆగిన చోటికే మనిషి పోవాలి. సెల్ఫ్ కొడుతుంటే స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపితే అనుమానం క్రాంక్ సెన్సర్ మీదికో దాని వైరు మీదికో పోవాలి. అప్పటికప్పుడు ఓంలు కొలిచి, సెన్సర్ మీద చల్లనీళ్లు పోసి, మీటర్‌లో అంకె మారితే తేలిపోయినట్టే.

2010 నుంచి స్టేజ్-4 కార్లతో ఓబీడీ, అంటే బండి తన తప్పు తానే చెప్పే పద్ధతి వచ్చింది, 2013 నుంచి రెండో మెట్టు. అమెరికాలో 1996 నుంచి ప్రతి కారుకూ ఉన్న 16 పిన్నుల సాకెట్ ఇక్కడా కనబడింది. ఇప్పుడు కొన్ని వందల రూపాయల బ్లూటూత్ ముక్క గుచ్చితే ఫోన్‌లో పీ0335 అని, అంటే క్రాంక్ సెన్సర్ కోడ్ పడుతుంది. కుర్రాళ్లు ఆ అంకె చూసి సెన్సర్ మార్చేస్తున్నారు. ఆ కోడ్ సెన్సర్ పోయిందని అనడం లేదు, సెన్సర్ నుంచి రావాల్సిన మాట రావడం లేదని అంటోంది. ఎలుక కొరికిన వైరు కావచ్చు, తుప్పు పట్టిన ఎర్త్ కావచ్చు, కనెక్టర్‌లో చేరిన మన బొగ్గు దుమ్ము కావచ్చు.

ఏపీ-01 నంబర్ల మీద నడుస్తున్న 2004, 2006 బండ్లు ఇప్పటికీ నా దగ్గరికి వస్తాయి. వాటిలో కొన్నింటికి కొత్త సెన్సర్లు దొరకవు. స్క్రాప్‌లో విప్పినవి తెప్పిస్తాను. కూలెంట్ సెన్సర్ అయితే చాయ్ గిన్నెలో వేడినీళ్లు పోసి అందులో ముంచి, ఓంలు ఆగకుండా దిగుతున్నాయో మధ్యలో దుముకుతున్నాయో చూస్తాను. క్రాంక్ సెన్సర్ అయితే వేడిగాలి పట్టించి కొలుస్తాను. అది దాటినదాన్నే బండికి బిగిస్తాను. ఈ వారం చూసినవాటిలో ఒక్కటే దాటింది, అది శ్రీరాంపూర్ కాలనీ ఆల్టోకు ఎక్కింది.