చేతిపనికి తగిన వెల: కౌటిల్యుని నూలు మొదలు నర్సాపురపు లేసు వరకు

బియ్యమునకు కొలత గలదు. బంగారమునకు త్రాసు గలదు. కాని ఒక ఇల్లాలు మధ్యాహ్నము మొదలు దీపాలవేళ వరకు కూర్చుండి, కొక్కెపు సూదితో ముడి వెంట ముడి వేసి అల్లిన లేసు గుడ్డకు వెల యెట్లు కట్టవలెను? దారమును తూచి ఖరీదు చెప్పవచ్చును. ఆమె వెచ్చించిన గంటలను ఎవరు లెక్క వ్రాసినారు? “ఇంట ఊరక కూర్చున్నదే గదా, తీరికవేళ అల్లినదే గదా” యని కొనువారందురు. అమ్మునది కూడ ఆ మాటనే నమ్మి, ఇచ్చినంత పుచ్చుకొనును. ఆ గంటలు లెక్కకు రాకపోవుటయే చేతిపనివారి లేమికి ముఖ్యకారణమని నా యభిప్రాయము. లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడనగుటచే, పూర్వగ్రంథములలో చదివిన సంగతులను, మన గోదావరి సీమ సంగతులను చేర్చి, ఈ రజతోత్సవ సమయమున పాఠకులకు విన్నవింప దలచితిని.

ఈ విచారము నేటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము చిరకాలము మరుగున పడియుండి, 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున పనిచేయుచుండిన ఆర్. శామశాస్త్రి గారి చేతికి వ్రాతప్రతిగా చిక్కి, 1909లో అచ్చయినది. ఒక గ్రంథాలయపు టల్మారలో నుండి అంతటి శాస్త్రము లోకమునకు తిరిగివచ్చెననుట మనవంటివారికి సంతోషకరము. అందు రెండవ అధికరణమున సూత్రాధ్యక్షుడను ఉద్యోగి ధర్మములు చెప్పబడినవి. నూలు వడికించుట, గుడ్డలు నేయించుట అతని పని. ఇల్లు వెడలని స్త్రీలు, భర్తలు దూరదేశములకు పోయినవారు, వితంతువులు, అంగవైకల్యము గలవారు, తమ పొట్ట తాము పోసికొనగోరు కన్యలు — వీరికి తన దాసీల ద్వారా పని పంపి, ఆదరముతో చేయించుకొనవలెనని అతడు శాసించెను.

కూలి నిర్ణయించు విధము చూడుడు. నూలు సన్నమా, ముతకా, నడితరమా యని పరీక్షించి, ఎంత వడికిరో చూచి, దానినిబట్టి కూలి కట్టవలెను. నూలు పరిమాణము నెరిగి తైలము, ఉసిరిక పిండి మొదలగు వానితో వారిని సంభావింపవలెను. తెల్లవారుజామున నూలు తెచ్చిన స్త్రీకి నూలు పుచ్చుకొని కూలి యీయవలెను. అచ్చటి దీపము నూలు పరీక్షించుటకు మాత్రమే. అధికారి ఆమె ముఖము చూచినను, వేరు ప్రసంగము చేసినను ప్రథమ సాహసదండము. కూలి యిచ్చుటలో కాలహరణము చేసినచో మధ్యమ సాహసదండము. ఆలస్యమునకు మరింత పెద్ద శిక్ష విధించుట గమనింపదగినది. ఇంతమాత్రముచేత కౌటిల్యుని దయాసముద్రునిగా తలపరాదు. కూలి పుచ్చుకొని పనిచేయనివారికి వ్రేళ్లు నరుకుమనియు ఆ ప్రకరణముననే కలదు. అతనిది రాజుగారి బొక్కసపు లెక్క. అయినను, ఇంట కూర్చుండి చేయు పని కూడ పనియే యనియు, దానికి తరగతినిబట్టి కూలి యుండవలెననియు అతడు గుర్తించెను.

నాలుగవ అధికరణమున నేతకూలికి ఒక సూత్రము గలదు. నూలు వెల యెంతయో నేతకూలి యంత. నారబట్టకు, పట్టుబట్టకు ఒకటిన్నర రెట్లు. పత్రోర్ణము, కంబళి, దుకూలము వంటివానికి రెండు రెట్లు. అనగా పది రూపాయల నూలుకు పది రూపాయల కూలి. సరుకు మేలుదైన కొలదియు కూలి పెరుగును. వర్తకుని లాభమునకు గూడ హద్దు గలదు: స్వదేశపు సరుకుపై నూటికి అయిదు, పరదేశపు సరుకుపై నూటికి పది. దారము, పనితనము, బేరగాని వంతు — ఈ మూడింటిని వేరువేరుగ లెక్కించుటయే యీ పద్ధతిలోని గుట్టు.

యాజ్ఞవల్క్యస్మృతి మరియొక మెట్టు పైకి పోయినది. వర్తకులు కూడబలుకుకొని, తగిన వెల యిదియని యెరిగియుండియు, చేతిపనివారికి బాధ కలుగునట్లు వెలను తగ్గించినను పెంచినను ఉత్తమ సాహసదండమని అందు గలదు. కల్యాణపురమున చాళుక్య విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు ఈ స్మృతికి మితాక్షరయను వ్యాఖ్య వ్రాసెను. తిక్కన సోమయాజికి సమకాలికుడైన కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగునకు తెచ్చెను. ఒంటరిగా బేరమాడు పనివానికి, జట్టుగా బేరమాడు వర్తకులకు నడుమ న్యాయము తానై నిలువదని ఆ కాలముననే పెద్దలు తెలిసికొనిరి.

ఇక మన సీమకు వత్తము. క్రోషియా లేసు మన దేశమున పుట్టినది కాదు. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు గోదావరి మండలమున దుమ్ముగూడెము, నర్సాపురము ప్రాంతములలో పేదస్త్రీలకు ఉపాధిగా దీనిని నేర్పిరి. 20వ శతాబ్ది ఆరంభమునాటికి ఈ పని వర్తకుల చేతికి వచ్చి, సరుకు ఓడలపై విదేశములకు పోజొచ్చెను. దారము ఏజెంటు ఇచ్చును. స్త్రీ ఇంటనే అల్లును. ఏజెంటు వచ్చి కొనిపోవును. పువ్వులల్లునది యొకతె, వానిని అతుకునది వేరొకతె. ఎగుమతిదారు ఎవరో, కొనువారు ఏ దేశస్థులో, అచ్చట వెల యెంతయో ఆ యిద్దరికిని తెలియదు. కౌటిల్యుని పద్ధతివలెనే పని ఇంటికి వచ్చినది గాని, నూలు తరగతి చూచి కూలి కట్టించు శాసనము మాత్రము వెంట రాలేదు.

ఈ కొరతను గాంధీమహాత్ముడు ఖాదీ విషయమున గుర్తించెను. 1925లో స్థాపింపబడిన అఖిల భారత చరఖా సంఘము మొదట బజారు ధరనుబట్టి వడుకుకూలి యిచ్చుచుండెను. 1935లో ఆ సంఘము పద్ధతి మార్చినది. ఎనిమిది గంటలు చక్కగా పనిచేసిన వారికి తగినంత తిండియు గుడ్డయు దొరకునట్లు కూలి యుండవలెనని తీర్మానించినది. గంటకు ఒక అణా చొప్పున ఎనిమిది గంటలకు ఎనిమిది అణాలు ఈయవలెనని గాంధీజీ కోరిక; అంత వెంటనే సాధ్యపడలేదు. ఖాదీ వెల పెరుగును, కొనువారు తగ్గుదురను భయము అప్పుడును ఉండెను. అయినను వడుకు స్త్రీ ఆకలి మీద చౌకతనమును నిలుపరాదని ఆయన పట్టుపట్టెను. వెలను బజారు నుండి వెనుకకు లెక్కింపక, పనిచేయువారి జీవనము నుండి ముందుకు లెక్కించుట ఇందలి విశేషము.

లేసుపనికి అట్టి సంఘబలము చాలకాలము లభింపలేదు. జర్మను దేశపు సమాజశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1970వ దశకపు చివర నర్సాపుర ప్రాంతమున విచారించి, 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఇంటి చాకిరి గాక రోజుకు ఆరు మొదలు ఎనిమిది గంటలు లేసు అల్లిన స్త్రీకి దొరకినది సగటున 56 పైసలని ఆమె లెక్క. పొలముపనికి చట్టము నిర్ణయించిన కనీసపు కూలికంటె ఇది మిక్కిలి తక్కువ. కారణమును గూడ ఆమె చెప్పినది: ఆ స్త్రీలను పనివారుగా గాక, తీరికవేళ అల్లుకొను గృహిణులుగా లోకము భావించినది, వారును తమ్ము అట్లే భావించుకొనిరి. నర్సాపురపు క్రోషియా లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. పేరునకు రక్షణ దొరకినది. కూలికి రక్షణ మాత్రము మనము లెక్క వ్రాసికొన్నప్పుడే దొరకును.

ఆ లెక్క కష్టమైనది కాదు. ఒక పువ్వు అల్లుటకు పట్టిన కాలమును గడియారమున చూచి, పువ్వుల సంఖ్యతో గుణింపవలెను. అతుకుపనికి, ఉదికి ఇస్త్రీ చేయుటకు పట్టిన కాలమును చేర్చవలెను. ఉదాహరణకు ఒక బల్లగుడ్డకు దారము 180 రూపాయలు, ఇతర ఖర్చులు 40, పట్టిన కాలము 30 గంటలు అనుకొందము. ఎనిమిది గంటల దినకూలి 400 అయినచో గంటకు 50. మొత్తము కూలి 1,500. అసలు వెల 1,720. బేరగాడున్నచో అతని వంతు నూటికి పది, అనగా 172 కలిపి, 1,892. అదే గుడ్డను 600కు అడిగినచో, ఖర్చులు 220 పోగా మిగులునది 380. అనగా గంటకు 13 రూపాయలైనను గిట్టదు. ఈ యంకెలు ఉదాహరణకే. ఏ యూరి కూలిని ఆ యూరివారు వేసికొనవలెను.

చుట్టములు, ఇరుగుపొరుగువారు పురమాయించు పనులలోనే చిక్కు హెచ్చు. “మనవాళ్లమే గదా వదినా” యను మాటతో సగము వెల పోవును. కావున పని మొదలుపెట్టక పూర్వమే దారమునకు సొమ్ము పుచ్చుకొనవలెను; గడువు చెప్పవలెను; నడుమ మాదిరి మార్చినచో విప్పి అల్లిన గంటలకు కూడ కూలి యుండునని తెలుపవలెను. అంత వెల ఈయలేమన్నవారికి గంటకూలి తగ్గింపరాదు, పని తగ్గింపవలెను. పెద్ద గుడ్డకు బదులు చిన్న గుడ్డ, దట్టమైన అల్లికకు బదులు పలుచని అంచు చేసి యీయవచ్చును. యంత్రపు లేసు చౌక గదా యనువారు నిరభ్యంతరముగ దానినే కొనవచ్చును. చేతిపని కావలెనన్నవారు చేతికి కూలి ఈయవలెను.

మన గ్రంథాలయమున పత్రికలు చదువ వచ్చు సోదరీమణులలో ఈ పని తెలిసినవారు పలువురు గలరు. వారికై ఒక గీతల పుస్తకమును బల్లపై ఉంచవలసినదిగా కార్యవర్గము వారిని కోరుచున్నాను. ఏ వస్తువునకు ఎంత దారము, ఎన్ని గంటలు, ఎంత వెల వచ్చినది — ఈ మూడు గడులు చాలును. ఒక సంవత్సరము వ్రాసినచో మన యూరి చేతిపని వెల యేమో మనకే తేటపడును. బేరమునకు వచ్చినవారికి ఆ పుటను చూపవచ్చును.