బుల్లెట్‌కి ఆయిల్ కూలర్ ఎందుకు పెట్టలేదు

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌కి దగ్గర్లో రెడిచ్ అనే ఊరుంది. నడివేసవిలో అక్కడ పగటి వేడి ఇరవై, ఇరవై రెండు డిగ్రీలుంటే మంచి ఎండ కాసిందని సంబరపడతారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ పుట్టిల్లు అదే. 1950ల తొలి ఏళ్లలో భారత సైన్యం సరిహద్దు గస్తీ కోసం 350 సీసీ బుల్లెట్లు వందల్లో తెప్పించుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్ రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీతో చేతులు కలిపి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టింది. మొదట్లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన భాగాలు బిగించి బండ్లు అమ్మేవాళ్లు. 1962 నాటికి భాగాలన్నీ ఇక్కడే తయారవసాగాయి. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో తయారైన ఆ బండి, మే నెలలో 45 డిగ్రీల ఎండ కొత్త కాని మన రెంటచింతల లాంటి ఊళ్లకీ చేరింది. ఇంజన్ మాత్రం రెడిచ్‌లో గీసిన ఇంజనే. దానికి ఆయిల్ కూలర్ ఎవరూ తగిలించలేదు.

పాత బుల్లెట్ ఉన్నవాళ్లకి ఏటా ఎండలు ముదిరేసరికి ఈ సంగతి గుర్తొస్తుంది. కొత్త బండ్లకి ముందువైపు చిన్న రేడియేటర్ లాంటిది కనిపిస్తుంటే, మన బండికి అది లేకపోవడం లోపమేమో అనిపిస్తుంది. లోపమా కాదా తేలాలంటే ఆయిల్ ఇంజన్లో ఎక్కడెక్కడ తిరుగుతుందో చూడాలి.

మోటార్‌సైకిళ్ల తొలి రోజుల్లో ఆయిల్ తిరిగేదే కాదు. నడిపే మనిషి కొన్ని మైళ్లకోసారి చేతి పంపు నొక్కి కొంచెం ఆయిల్ పంపేవాడు. అది కొంత కాలిపోయి, కొంత రోడ్డు మీద కారిపోయి ఖర్చయ్యేది. నొక్కడం మరిచిపోతే ఇంజన్ పట్టేసేది. ఆ బాధ తప్పించి, వాడిన ఆయిల్‌నే పంపుతో మళ్లీ మళ్లీ తిప్పే పద్ధతిని త్వరగా అందుకున్న కంపెనీల్లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే దాని వి-ట్విన్ బండికి గాజు ఆయిల్ ట్యాంకు ఉండేది.

తర్వాతి కాలంలో బీఎస్ఏ, ట్రయంఫ్, నార్టన్ బండ్లకి ఆయిల్ ట్యాంకు సీటు కింద విడిగా వేలాడేది. ఎన్‌ఫీల్డ్ వాళ్లు మాత్రం క్రాంక్‌కేసు పోతలోనే, ఫ్లైవీల్‌కి వెనక ఒక అర చేసి రెండు లీటర్లకు పైగా ఆయిల్ అందులో పోశారు. బయట గొట్టాలు తగ్గాయి, కారడం తగ్గింది, చలిదేశంలో ఇంజన్ త్వరగా వేడెక్కింది. చిక్కల్లా ఆయిల్ వేడి ఇంజన్ ఒళ్లోనే కూర్చోవడం. అయితే ఆ అల్యూమినియం క్రాంక్‌కేసు కూడా గాలికే ఎదురుగా ఉంటుంది. ఆయిల్ తన వేడిని ఆ గోడలకిస్తే, గోడలు గాలికిస్తాయి. బుల్లెట్‌కి పుట్టుకతో వచ్చిన ఆయిల్ కూలర్ అదే అనుకోవచ్చు.

పంపులు రెండు. ఒకటి బిగ్ ఎండ్‌కి ఆయిల్ పంపితే, రెండోది అడుగున చేరినదాన్ని ఎత్తి సన్నటి గొట్టాల గుండా హెడ్ మీది రాకర్లకి చేరవేసి, మిగతాది ట్యాంకులోకి వదులుతుంది. పాత ఇనప బోరు ఇంజన్ విప్పి బిగించిన ఏ మెకానిక్ అయినా బండి చేతికిచ్చే ముందు ఒక పని చేస్తాడు. రాకర్ బాక్సు దగ్గరి బాంజో బోల్టు ఒక చుట్టు వదులు చేసి, ఇంజన్ తిప్పుతూ వేలు ఆనించి చూస్తాడు. నూనె ఊరిందా, పైదాకా ఎక్కుతోందన్నమాట. ఊరకపోతే బండి కదలదు. ఒత్తిడి అంత తక్కువ గనకే ఆ పరీక్ష.

ఇక వేడి లెక్క. బుల్లెట్ సిలిండర్ 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోక్, 346 సీసీ. కంప్రెషన్ 6.5 అంటే నాసిరకం పెట్రోలుకీ గొణగని నిష్పత్తి. ఇంత చేసి ఇచ్చేది 18 హార్స్‌పవర్, అదీ 5,600 ఆర్పీఎం దాటాక. అరవైలో దబదబమంటూ పోయే బుల్లెట్ అందులో చిన్న వాటానే వాడుకుంటుంది. పుట్టే వేడీ అంతంతమాత్రమే. సిలిండర్ రెక్కలు 180 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుందాం. రెడిచ్‌లో 20 డిగ్రీల గాలికీ వాటికీ తేడా 160. రెంటచింతల ఎండలో ఆ తేడా 135. అంటే రెక్కలు వదిలే వేడి ఆరో వంతు తగ్గింది. నష్టమే గానీ ఇంజన్‌ని చంపేంత నష్టం కాదు. ఆ లోటు పూడ్చడానికి ఎండాకాలం చిక్కటి ఆయిల్ పోయడం సరిపోయింది. మల్టీగ్రేడ్ వచ్చాక 20డబ్ల్యూ-50 ఆ పని ఏడాది పొడుగునా చూసుకుంది.

మరి బుల్లెట్లు వేడెక్కి ఆగిపోలేదా? బోలెడు ఆగిపోయాయి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా మరెక్కడైనా పాత చేతుల్నడిగితే కారణాలు వరసగా చెబుతారు: పాయింట్లు అరిగి టైమింగ్ వెనక్కి పోవడం, కార్బురేటర్‌లో పెట్రోలు తక్కువై గాలి ఎక్కువవడం, రెక్కల మధ్య బురద గట్టిపడటం, ఆయిల్ మార్చకపోవడం. వీటిలో ఏదీ కూలర్‌తో తీరే జబ్బు కాదు. ఇంకో తమాషా ఉంది. రాత్రంతా నిలబెట్టిన బుల్లెట్‌లో ట్యాంకు ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా కిందికి దిగుతుంది. పొద్దున్నే కొలకడ్డీ పెడితే తక్కువ చూపిస్తుంది. కంగారుపడి ఇంకో అర లీటరు పోస్తే, నడిచేటప్పుడు అదంతా బ్రీదర్ గొట్టంలోంచి బయటికి కక్కేస్తుంది. కాసేపు ఇంజన్ నడిపాక కొలిస్తేనే నిజం తెలిసేది.

ఆయిల్ కూలర్ నిజంగా అవసరపడిన చరిత్ర వేరే చోట నడిచింది. 1985లో సుజుకీ జీఎస్ఎక్స్-ఆర్ 750 వచ్చింది. నీళ్ల రేడియేటర్ లేకుండా 749 సీసీలో 100 హార్స్‌పవర్. యోకోవుచి ఎత్సువో బృందం పిస్టన్ల కిందా, దహన గది పైకప్పు మీదా ఆయిల్ చిమ్మించి, ఆ వేడినంతా ముందున్న పెద్ద కూలర్‌లో దింపింది. అంటే లీటరుకి 130కి పైగా హార్స్‌పవర్. బుల్లెట్‌ది 52. మన దగ్గర 2007లో బజాజ్ పల్సర్ 220కి కూలర్ వచ్చిందీ ఇందుకే. 220 సీసీలోంచి ఇరవై హార్స్‌పవర్ లాగుతూ 8,500 ఆర్పీఎం దాకా గిరగిరా తిరిగే ఇంజన్‌లో రెక్కలకొక్కటికే పని వదిలేయడం కుదరలేదు. బండి వయసు, ఊరి ఎండ రెండూ కలిసినా ఇంజన్ నుంచి రాబట్టే శక్తి అంత లెక్కలోకి రావు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ సొంతింట్లో మాత్రం ఆ లెక్క అంత శుభ్రంగా కుదరలేదు. యూసీఈ అనే తర్వాతి తరం ఇంజన్ ఉన్న 500 సీసీ బుల్లెట్ 27 హార్స్‌పవర్ ఇచ్చినా దానికి కూలర్ లేదు. 2016లో వచ్చిన హిమాలయన్ 411 సీసీతో 24 దాటి కొంచెం ఇచ్చినా దానికి కూలర్ పెట్టారు. లగేజీతో, మొదటి రెండు గేర్లలో, గాలి తగలని వేగంతో గంటల తరబడి కనుమలెక్కే బండి అది. 2018 నాటి 650 ట్విన్‌లకీ పెట్టారు. 2020లో మీటియర్‌తో వచ్చిన జె సిరీస్ 350లో హెడ్ చుట్టూ ఆయిల్ తిరిగే దారులు వేశారు గానీ బయట కూలర్ తగిలించలేదు. అంతకంటే అక్కర్లేకపోయింది.

పాత ఇనప బుల్లెట్‌కి కూలర్ బిగించే కిట్లు ఇప్పుడు దొరుకుతాయి. 535 సీసీకి బోరు పెంచి హైవే మీద వందకి తగ్గకుండా తోలేవాళ్లకి అవి పనికొస్తాయి. మామూలు బండికైతే రెండు ఇబ్బందులు. అసలే ఒత్తిడి తక్కువున్న ఆయిల్‌ని సన్నటి కూలర్ గొట్టాల్లో తిప్పితే, తప్పు చోట కలిపినప్పుడు ముందుగా ఎండిపోయేవి రాకర్లే. రెండోది, డిసెంబరు పొద్దుట ఊళ్లో రెండు కిలోమీటర్లు తిరిగే బండిలో ఆయిల్ వేడెక్కనే వేడెక్కదు. వంద డిగ్రీల దగ్గరికి చేరకపోతే అందులో చేరిన నీటి చెమ్మ ఆవిరవదు, అడుగున బురదలా పేరుకుంటుంది. థర్మోస్టాట్ లేని కూలర్ ఆ బురదని ఇంకా పెంచుతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు గాలే తగలదు గనక అది చేయగలిగిందీ పెద్దగా ఉండదు.

2023లో కంపెనీ రెండు బండ్లు తెచ్చింది. కొత్త హిమాలయన్ 450కి ఏకంగా నీళ్ల రేడియేటర్ పెట్టారు. అదే ఏడాది వచ్చిన బుల్లెట్ 350 ఇంజన్‌కి మాత్రం రెక్కలే ఉన్నాయి, బయట కూలర్ లేదు.