వెట్టి నుంచి విమోచన: బస్తీ చర్చిలో నిర్గమకాండము

తెలుగు బైబిల్‌లో నిర్గమకాండము మొదటి అధ్యాయం ఐగుప్తులో ఇశ్రాయేలీయుల శ్రమను ‘వెట్టి’ అనే మాటతో చెబుతుంది. తెలంగాణలో ఆ మాటకు వివరణ అక్కర్లేదు. నిజాం కాలంలో దొరల గడీలకు, ఊరికొచ్చిన అధికారులకు కూలి లేకుండా చేయాల్సి వచ్చిన చాకిరి అది. భాగ్యరెడ్డి వర్మ తన రచనకు ‘వెట్టి మాదిగ’ అని పేరు పెట్టారు. పల్లెలు వదిలి ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలకు పనికొచ్చి, ఆ చుట్టుపక్కల బస్తీల్లో స్థిరపడిన దళిత క్రైస్తవ కుటుంబాలకు ఇది తాతల నాటి కథే.

అయితే ఆదివారం ప్రసంగాల్లో తరచుగా ఐగుప్తు అంటే పాపం, ఫరో అంటే సాతాను, ఎర్ర సముద్రం అంటే బాప్తిస్మం. ఈ వ్యాఖ్యానం కొత్తది కాదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయంలో పౌలే సముద్రం దాటడాన్ని బాప్తిస్మంతో పోల్చాడు. కతోలిక చర్చిలో ఈస్టర్ జాగరణ రాత్రి నిర్గమకాండము 14వ అధ్యాయ పఠనాన్ని వదిలేయడానికి వీల్లేదు. ఆ అర్థాన్ని మేము కాదనడం లేదు. అదొక్కటే మిగిలితే కథలోంచి వెట్టి మాయమవుతుంది, చేయించినవాడూ మాయమవుతాడు. మా అభ్యంతరం అక్కడే.

కథ ఏం చెబుతోంది?

మోషే పుట్టకముందే ధిక్కారం మొదలైంది. మగపిల్లలను చంపమన్న ఫరో ఆజ్ఞను షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు లెక్కచేయలేదు. ఐదో అధ్యాయంలో ఫరో గడ్డి ఇవ్వడం ఆపేశాడు కానీ ఇటుకల లెక్క తగ్గించలేదు. లెక్క తప్పినప్పుడు దెబ్బలు తిన్నది ఇశ్రాయేలీయుల్లోంచే పెట్టిన నాయకులు. షిఫ్టు టార్గెట్‌కూ లేబర్ కాంట్రాక్టర్‌కూ మధ్య నలిగే కార్మికుడికి ఈ అధ్యాయం విడమరచి చెప్పనక్కర్లేదు. ద్వితీయోపదేశకాండము ఐదో అధ్యాయం దాసదాసీలకు కూడా వారానికో రోజు విశ్రాంతి ఇవ్వాలంటుంది. మీరూ దాసులుగా బతికినవారే కదా అని కారణం చెబుతుంది.

దళిత వేదాంతం చదివిన తీరు

అరవింద్ పి. నిర్మల్ 1981లో బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో చేసిన ప్రసంగాన్ని దళిత వేదాంతానికి ఆరంభంగా చెబుతారు. లాటిన్ అమెరికా విమోచన వేదాంతానికి నిర్గమకాండము ముఖ్య ఆధారం. నిర్మల్ ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయాన్ని ఎంచుకున్నారు. అక్కడ రైతు తొలి పంట గంపను దేవుని ముందు పెట్టి, ముందుగా తన పూర్వికుల దిక్కులేనితనాన్ని, తర్వాత దాస్యాన్ని, ఆ తర్వాతే విడుదలను చెప్పుకుంటాడు. పూర్వికులు పడిన అంటరానితనాన్ని దాచకుండా చెప్పుకోవడం విశ్వాస ప్రకటనలో భాగమన్నది నిర్మల్ వాదన సారం. మోషే ప్రాముఖ్యం గురించి అంబేడ్కర్ కూడా వ్యాసం రాశారు.

జాగ్రత్తగా చదవాల్సిన చోట్లు

విడుదలైనవారు వెళ్లి ఆక్రమించిన కనాను ఎవరిది? అమెరికా మూలవాసి రచయిత రాబర్ట్ అలెన్ వారియర్ 1989లో లేవనెత్తిన ప్రశ్న ఇది. భూమి పోగొట్టుకున్న ఆదివాసీలు ఈ కథను కనానీయుల పక్కన నిలబడి చదవగలరు. అబ్రాహాము ఇంట్లో దాసిగా ఉన్న హాగరు ఐగుప్తు స్త్రీ అని కూడా మరవకూడదు. యూదులు నేటికీ ఏటా పస్కా ఆచరిస్తారు. ఈ కథ ముందు వాళ్లది. వాళ్లను కించపరుస్తూ విమోచన ప్రసంగం చేయలేం.

కాగితం మీద ఐగుప్తు

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఇంకా బయటే ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులు బీసీ-సి కింద వస్తారు, ఆ వర్గానికి రిజర్వేషన్ 1 శాతం. ఈ ప్రశ్నను పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది. ఆదివారం విడుదల పాట పాడిన మనిషి సోమవారం తహసీల్దార్ ఆఫీసులో తన చర్చి పేరు చెప్పడానికి వెనకాడాల్సి వస్తోంది. ప్రసంగాల్లో ఈ ఐగుప్తు పేరు కూడా వినిపించాలి.

ఆరాధనలో ఏం చేయవచ్చు?

నవంబరు రెండో ఆదివారం చర్చిలు పాటించే దళిత విమోచన ఆదివారం నాడు ఒకటో, ఐదో అధ్యాయాలను ఫ్యాక్టరీ కార్మికులు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు చదవవచ్చు. చదివాక సంఘం మూడు ప్రశ్నలు మాట్లాడుకోవచ్చు: మన ఫరో ఎవరు? మనవాళ్లలోంచే లెక్క అడిగేవారు ఎవరు? మనం ఎవరికి ఫరో అవుతున్నాం? చర్చిలోనే మాల, మాదిగ తేడాలు, స్త్రీలకు దక్కని ప్రసంగ వేదిక ఈ మూడో ప్రశ్న కిందకే వస్తాయి.

తెలుగు చర్చిలకు కోత పండుగ ఎలాగూ ఉంది. ఆ రోజు గంపతో పాటు 26వ అధ్యాయం కూడా చదివితే తాతల వెట్టి ఆరాధనలోకి వస్తుంది. అదే అధ్యాయం పంటలో పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి వాటా ఇవ్వమంటుంది. ఉప్పల్, నాచారంలో ఆ పరదేశి ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి పక్క గదిలో అద్దెకుంటున్న కార్మికుడు.